ఒక చెక్క తీసి ఉంచిన కొట్టు

మా కొట్టుకు తలుపులు లేవు, చెక్కలున్నాయి. పాతకాలం పచారీ కొట్లన్నిటికీ అలాగే ఉండేవి. మనిషెత్తు టేకు చెక్కలు, వాటికి కిందా పైనా గాడి. పొద్దున్నే ఒక్కొక్కటీ జరిపి తీసి గోడకు ఆనించాలి, కొట్టు కట్టేసేటప్పుడు మళ్ళీ అదే వరసలో ఎక్కించాలి. వరస తప్పితే చివరి చెక్క పట్టదు. అందుకని ఎవరో ప్రతి చెక్క మీదా తారుతో ఒక అంకె వేశారు. కాలువ వైపున్న చివరి చెక్కకు మాత్రం అంకె లేదు. అన్నీ ఎక్కించాక మిగిలేది అదే కాబట్టి దానికి అక్కర్లేదనుకున్నారేమో. దాని వెనక అడ్డకమ్మి వేస్తే కొట్టు మూసినట్టు.

ఆ అంకె లేని చెక్క సంగతే నేను చెప్పబోయేది.

అంతకు ముందు నేను రాజమండ్రిలో ఒక పెద్ద మార్టులో బిల్లింగు కౌంటరు దగ్గర చాలా ఏళ్ళు నిలబడ్డాను. పనిచేశాను అనకుండా నిలబడ్డాను అంటున్నది ఊరికే కాదు, అక్కడ మాకు స్టూలు ఇచ్చేవారు కాదు. వచ్చినవాళ్ళు తెరమీద అంకె చూసేవారు, ఫోను చూసేవారు, వెళ్ళిపోయేవారు. నా మొహం చూసినవాళ్ళు తక్కువ. కాళ్ళ నరాలు తేలి డాక్టరు చీవాట్లు పెట్టాక, మా ఆడపడుచు తోటికోడలు ఒక మాట అంది. ఆవిడ ఆత్రేయపురం దగ్గర ఒక ఊరికి సర్పంచి. ఊరి సెంటర్లో మూతపడ్డ కొట్టు ఒకటుంది, వెనక రెండు గదులున్నాయి, వచ్చి నడపమంది.

"సెంటరు చచ్చిపోయింది వదినా. కొట్టుంటే మనుషులొస్తారు. మనుషులొస్తే ఆటోలు ఆగుతాయి. ఆటోలు ఆగితే టీ కొట్టు దానంతటదే వస్తుంది. నువ్వు ముందు చెక్కలు తియ్యి చాలు" అంది.

కొట్టు ఎందుకు మూతపడిందని అడిగితే, "నడిపే మామ్మగారు పోయారు" అని ఊరుకుంది. మామ్మలు పోవడం సహజమే కదా అని నేనూ ఊరుకున్నాను. మా ఆయన ధవళేశ్వరంలో గుమాస్తా. బ్యారేజీ మీదుగా బండి మీద పోయి రావడం పెద్ద కష్టం కాదన్నారు. కొట్టు నిలబడకపోతే మాత్రం నేను మళ్ళీ వెళ్ళి ఆ కౌంటరు దగ్గర నిలబడాలి. అది తలుచుకుంటేనే నాకు పిక్కలు లాగేవి.

సెంటరంటే పెద్దదేమీ కాదు. మూడు వీధులు వచ్చి కలిసే చోటు, కాలువ మీద వంతెన, ఒక సిమెంటు బెంచీ, ఎప్పుడో మూసేసిన పాలకేంద్రం. నేను మొదటిసారి చూసినప్పుడు బెంచీ మీద గడ్డి మొలిచి ఉంది. అలాగని ఊళ్ళో మనుషులు లేక కాదు. ఇళ్ళన్నీ నిండుగానే ఉన్నాయి, పొయ్యిలు వెలుగుతూనే ఉన్నాయి. సరుకులు రావులపాలెం నుంచి బండి మీద వచ్చేవి, లేదా ఫోనులో నొక్కితే ఎవరో హెల్మెట్టు మనిషి గుమ్మం ముందు పెట్టి పోయేవాడు. ఒకరి మొహం ఒకరు చూసుకునే పని లేకుండానే ఊరు నడిచిపోతోంది.

మాఘమాసంలో మంచిరోజు చూసి కొట్టు తెరిచాను. బెంచీ కడిగించాను. అరుగు అలికి ముగ్గు పెట్టాను. పప్పులు, నూనెలు, ఇడ్లీ పిండి, ఫోను రీఛార్జి, ఆకుకూరలు, అన్నీ పెట్టాను. ఇల్లిల్లూ తిరగలేక పార్సిలు వాళ్ళు కూడా పెట్టెలు నా దగ్గరే దించి పోవడం మొదలుపెట్టారు. దాంతో ఊరి జనం ఎలాగైనా సెంటరుకు రాక తప్పలేదు. సర్పంచి చెప్పినట్టే ఆటోలు ఆగసాగాయి. బేరం బాగానే ఉంది.

బాగానే ఉందిగానీ ఒక్కరూ అరుగెక్కరు. రోడ్డు మీద, మురుగుకాలువకు అవతలే నిలబడి, "అరకిలో కందిపప్పండి" అని కేకేస్తారు. నేను పొట్లం కట్టి, మెట్లు దిగి, వెళ్ళి చేతికివ్వాలి. ముగ్గు తొక్కడం ఇష్టం లేదేమో అనుకున్నాను. ముగ్గు మానేశాను. అయినా ఎక్కరు. మామూలుగా మన పక్క పెద్దవాళ్ళు కొట్టుకొచ్చారంటే సరుకు కొనేది కాసేపు, స్తంభానికి ఆనుకుని కబుర్లు చెప్పేది గంట. ఈ ఊరి ముసలాళ్ళు కూడా నా అరుగు వైపు చూడకుండా పప్పు పట్టుకుని పోయేవారు. నాకు ఒళ్ళు మండేది. నేనేమైనా అంటురోగంతో వచ్చానా?

మధ్యాహ్నమైతే సెంటరు మరీ చిత్రంగా ఉండేది. పన్నెండు దాటాక జనం ఉండరు, అది ఏ ఊళ్ళోనైనా అంతే. కానీ ఇక్కడ అదాటుగా చప్పుడు ఆగిపోయేది. ఆటోవాళ్ళు కూడా ఇంజను ఆపి వంతెన దాకా తోసుకుపోవడం నేను కళ్ళారా చూశాను. చంటిపిల్ల ఏడిస్తే తల్లి నోరు మూసి లోపలికి తీసుకుపోయేది. మధ్యాహ్నం ఈ ఊరు ఎవరినో నిద్రపుచ్చుతున్నట్టుండేది.

నాకా చిన్నప్పటి నుంచీ మధ్యాహ్నం కునుకు అలవాటు. మార్టులో ఉన్నన్నాళ్ళూ ఆ సుఖం లేక అల్లాడిపోయాను. ఇక్కడ భోంచేసి, చెక్కలన్నీ ఎక్కించి, గాలి కోసం ఆ అంకె లేని చెక్క ఒక్కటి తీసి ఉంచి, కొట్టులోనే బియ్యం బస్తాల పక్కన నవారు మంచం వాల్చుకుని పడుకునేదాన్ని. ఆ సందులోంచి ఎండ ఒక పట్టీలా నేల మీద పడేది.

ఒకరోజు నిద్రలో కనురెప్పల మీద వెలుగు ఆరి మళ్ళీ వెలిగినట్టయింది. కళ్ళు తెరిచాను. సందులో సగం మొహం ఉంది. ఒక కన్ను, ముక్కుపుడక. ఆ కన్ను డబ్బాల వైపు చూడడం లేదు, గల్లాపెట్టె వైపు చూడడం లేదు. నన్నే చూస్తోంది, అదీ మొహం కాదు. నా పొట్ట వైపు, రెప్ప వెయ్యకుండా. నేను లేచి కూర్చోగానే మొహం పోయింది. పోయిన అడుగుల చప్పుడు కూడా లేదు. సందు దగ్గరికి వెళ్ళి చూస్తే సెంటరంతా ఖాళీ. రోడ్డు మీద ఎండ తప్ప ఏమీ లేదు.

మర్నాడు మళ్ళీ వెలుగు ఆరింది. ఈసారి కళ్ళజోడున్న కన్ను. ఆ మర్నాడు ముసలి కన్ను, చుట్టూ ముడతలు. రోజుకొకరు, ఒక్కోరోజు ఇద్దరు ముగ్గురు. ఎవరూ మాట్లాడరు, దగ్గనైనా దగ్గరు. చూస్తారు, పోతారు. నాకు నిద్ర కరువైంది. కళ్ళు మూసుకుని పడుకుని, ఆ పట్టీ ఎప్పుడు ఆరుతుందా అని ఎదురుచూడడమే సరిపోయేది. భయపడ్డానని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

మా ఆయనతో చెబితే నవ్వారు.

"ఈ వయసులో నిన్ను సందులోంచి తొంగి చూసేవాళ్ళున్నారంటే నేను జాగ్రత్త పడాల్సిందే."

"హాస్యాలాడకండి. నాకు ప్రాణం పోతోంది ఇక్కడ."

"పోనీ ఆ చెక్క కూడా ఎక్కించేసి పడుకో."

"ఉక్కతో చావనా?"

పొద్దున్నే ముక్కుపుడక ఆవిడ చింతపండుకు వచ్చింది. నేను సూటిగా అడిగేశాను, నిన్న మధ్యాహ్నం ఏమైనా కావలసి వచ్చారా అని. "నేనాండి? నేను గడపే దాటలేదండి" అంది. కళ్ళజోడాయన్ని అడిగితే ఆయనా అంతే. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. ఆవిడ చింతపండు పుచ్చుకుని వెళుతూ వెళుతూ ఒక్కసారి వెనక్కి తిరిగింది. మళ్ళీ నా పొట్ట వైపే చూసింది.

కొట్టుకు ఎదురుగా, రోడ్డుకు అవతల, ఒక రిటైరైన మాష్టారు ఉంటారు. పొద్దస్తమానం వరండాలో పడకకుర్చీలో కూర్చునే మనిషి. నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళాను.

"మాష్టారూ, ఈ ఊరికి నేనేం అపకారం చేశాను? చెప్పకపోతే రేపే సామాను కట్టేసుకుపోతాను" అన్నాను.

ఆయన కుర్చీ చేతిని రాస్తూ, "మంచం ఎక్కడ వేసుకుంటున్నావమ్మా?" అని అడిగారు.

"బస్తాల పక్కన."

"ఆవిడా అక్కడే వేసుకునేది."

ఆ తరవాత మెల్లిగా చెప్పారు. మామ్మగారికి ఎవరూ లేరు. కొట్టే ఇల్లు, ఇల్లే కొట్టు. మధ్యాహ్నం చెక్కలన్నీ ఎక్కించి, చివరిదొక్కటి తీసి ఉంచి పడుకునేవారు. ఆ ఒక్క చెక్క తీసి ఉందంటే మామ్మగారు కునుకు తీస్తున్నారని గుర్తు. మరీ అవసరమైతే సందు దగ్గర నిలబడి పిలవచ్చు. "ఆఁ, వస్తున్నా" అంటారు, వచ్చి ఇస్తారు. అయినా పెద్దావిడను ఎందుకు లేపడమని ఊరంతా ఆ వేళ గొంతు తగ్గించి నడిచేది. ఆటోలు తోసుకుపోయే అలవాటు అప్పటిదే. ఎంత మర్యాదస్తుల ఊరో చూడండి.

తరవాత మార్టులొచ్చాయి, పార్సిళ్ళొచ్చాయి. కొట్టుకు వెళ్ళేవాళ్ళు తగ్గారు. మనం మానేసినా మిగతావాళ్ళు కొంటూనే ఉంటారులే అని ఎవరికి వారు అనుకున్నారు. కొన్నేళ్ళ కిందట ఒక వేసవిలో కొన్ని రోజుల పాటు ఆ చెక్క అలా తీసే ఉంది. పొద్దున చూసినవాళ్ళు, ఇవాళ ఒంట్లో నలతగా ఉండి పెందరాళే పడుకున్నారేమో అనుకున్నారు. సాయంత్రం చూసినవాళ్ళు, ఇంకా లేవలేదు కాబోలు అనుకున్నారు. అందరూ గొంతు తగ్గించుకుని, అడుగు చప్పుడు కాకుండా, ఆ సందు ముందు నుంచే నడిచిపోయారు. చివరి రోజు వాసన వచ్చినా ఎండుచేపల బుట్టదిలే అనుకున్నారట. చివరికి కరెంటు మీటరు చూడడానికి వచ్చిన మనిషి కనిపెట్టాడు. పరాయి ఊరివాడు. ఒక చెక్క తీసి ఉంటే ఏమనుకోవాలో అతనికి తెలియదు, అందుకని లోపలికి చూశాడు.

"ఊపిరి ఆడుతోందో లేదో చూసి పోతారమ్మా నీ దగ్గరికొచ్చి" అన్నారు మాష్టారు. "ఎవరూ చెప్పుకుని చేస్తున్నది కాదు. ఎవరికి వారే వస్తున్నారు. నేనూ వచ్చాను."

ముడతల కన్ను ఆయనదే. నాకు కోపం సగం దిగిపోయింది. మిగిలిన సగంతో అడిగాను, "అలా దొంగల్లా చూడడం ఎందుకు, నోరారా పిలవచ్చు కదండీ?"

"పిలిస్తే పలకకపోతే ఏం చెయ్యాలో ఇప్పుడు ఊరికి తెలుసమ్మా" అన్నారు. "పలికితేనే భయం."

అప్పుడు చెప్పారు చేపలమ్మే ఆవిడ సంగతి. కాలువ గట్టు చివర జాలర్ల వీధిలో ఉంటుంది. ఆ రోజుల్లో తాను రాళ్ళ ఉప్పు కోసం సందు దగ్గర నిలబడి పిలిచాననీ, లోపల నుంచి "ఆఁ, వస్తున్నా" అని పలికారనీ, ఎంతకీ రాకపోతే వెళ్ళిపోయాననీ ఆవిడ చెప్పింది. ఎప్పుడని అడిగితే మీటరు మనిషి వచ్చిన దానికి ముందటి రోజంది. డాక్టరేమో ప్రాణం పోయి చాలా రోజులైందన్నాడని ఊళ్ళో అనుకున్నారు. డాక్టరు నిజంగా ఏమన్నాడో విన్నవాళ్ళు ఇప్పటికీ నాకు ఒక్కరూ కనబడలేదు.

"అయితే శవం పలికిందా అని అడిగారమ్మా అందరూ. తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి అబద్ధమాడుతోందన్నారు. కొందరేమో నిజమే, పలికింది, ఇప్పటికీ పలుకుతుంది అన్నారు. ఎటైతేనేం, ఈ ఊళ్ళో ఆవిడ దగ్గర చేప కొనడం మానేశారు."

అప్పుడు గుర్తొచ్చింది. రోజూ నెత్తిన సత్తు తట్టతో ఒకావిడ సెంటరులోంచి దగ్గర దారి ఉండగా గట్టు మీద చుట్టుదారిన పోవడం నేను చూస్తూనే ఉన్నాను.

ఆ రోజు నుంచి కళ్ళు నన్ను చూస్తే భయం తగ్గింది. మంచం మాత్రం బస్తాల పక్క నుంచి అవతలి గోడకు జరుపుకున్నాను. అదేం లాభం? ఇంత చిన్న కొట్టులో ఆవిడ ఎక్కడెక్కడ నడిచి ఉంటారో! మధ్యాహ్నం ఆ నిశ్శబ్దంలో పడుకుంటే, నా ఊపిరి చప్పుడు నాకే ఇంకెవరిదోలా వినిపించేది.

వైశాఖం వచ్చింది. ఒకరోజు తెల్లవారకుండానే రావులపాలెం వెళ్ళి అరటిగెలలు దించుకుని, పొద్దంతా బేరం చూసుకుని, మధ్యాహ్నానికి ఒళ్ళు హూనమైంది. ఈ ఒక్కరోజు నన్నెవరూ చూడకుండా పడుకుంటే చాలనిపించింది. ఫ్యాను పెద్దది చేసుకుని, ఆ అంకె లేని చెక్క కూడా ఎక్కించి, కమ్మి వేసేశాను. అలా పడుకున్నదాన్ని బండరాయిలా నిద్రపోయాను.

దబదబ బాదుతున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. టేకు చెక్క విరిగిన చప్పుడు. నేను లేచి నిలబడేసరికి కమ్మి ఊడి పడింది, వెలుగు ఒక్కసారి లోపలికి వచ్చింది. ఆ వెలుగులో ఊరు ఊరంతా నిలబడి ఉంది. అరుగు మీద, మెట్ల మీద, రోడ్డు నిండా, వంతెన దాకా మనుషులు. ఆ సెంటరులో అంతమందిని నేను అంతకు ముందు చూడలేదు. ఒక్కరూ మాట్లాడడం లేదు. అందరికన్నా ముందు, విరిగిన చెక్క చేత్తో పట్టుకుని, చేపలావిడ. తట్ట కింద పడి చేపలు అరుగంతా చెల్లాచెదురై ఉన్నాయి.

"ఏంటండీ ఇది? ఏమైంది?" అన్నాను.

ఆవిడ నా మొహం, నా పొట్ట, నా కాళ్ళు చూసింది. చెక్క వదిలేసి అరుగు మీద కూలబడింది. మాష్టారే చెప్పారు. గట్టు మీద పోతూ ఆవిడ కొట్టు వైపు చూసిందట. రోజూ తీసి ఉండే చెక్క ఆ రోజు తీసి లేదు. అన్నేళ్ళ తరవాత మొదటిసారి సెంటరులోకి పరుగెత్తుకొచ్చి, అరుగెక్కి, పిలిచిందట. లోపల నుంచి "ఆఁ, వస్తున్నా" అని పలికిందట. ఎవరూ రాలేదు. ఆవిడ గావుకేక పెట్టింది. మాష్టారు రోడ్డు దాటి వచ్చారు. ఆయన ముందు మళ్ళీ పిలిచింది. మళ్ళీ అదే.

"నేనూ విన్నానమ్మా" అన్నారు మాష్టారు. "నీ గొంతు కాదు."

"నేను ఎవరికీ పలకలేదండీ. నిద్రపోతున్నాను" అన్నాను.

అనకుండా ఉండాల్సింది. ముందు వరసలో వాళ్ళు ఒక్క అడుగు వెనక్కి వేశారు. అందరి చూపులూ నన్ను దాటి, నా వెనక బస్తాల వైపు పోయాయి. నేను వెనక్కి తిరగలేదు. తిరగలేకపోయాను. మనుషులు ఒకరి వెనక ఒకరు, మామ్మగారు పడుకున్నప్పటి లాగే, అడుగు చప్పుడు కాకుండా వెళ్ళిపోయారు.

మర్నాడు బోణీ కాలేదు. ఆ మర్నాడూ కాలేదు. పార్సిలు పెట్టెలు కూడా పేరుకుపోయాయి, తీసుకుపోయే దిక్కులేదు. సందులో కళ్ళు సైతం రావడం మానేశాయి. నిజం చెప్పాలంటే అదే ఎక్కువ భయంగా ఉండేది. చూసేవాళ్ళున్నప్పుడు వాళ్ళను తిట్టుకుంటూనైనా ధైర్యంగా పడుకున్నాను.

ఆదివారం మా ఆయన ఇంట్లో ఉన్నారు. జరిగిందంతా విని కూడా ఆయన కంగారు పడకపోతే నాకు చిర్రెత్తుకొచ్చింది.

"నువ్వే అని ఉంటావే" అన్నారు. "కొట్టు పెట్టిన దగ్గర్నుంచీ నిద్రలో పిలిస్తే అలాగే అంటున్నావు. లేవవు, తెలివి రాదు, 'ఆఁ, వస్తున్నా' అనేసి మళ్ళీ గుర్రు పెడతావు."

నేను నమ్మలేదు. ఆ మధ్యాహ్నం నేను నిద్రపోయాక ఆయన నా పక్కన ఫోను పెట్టి, వాకిట్లోంచి పిలిచి రికార్డు చేశారు. లేచాక వినిపించారు. ముందు ఫ్యాను చప్పుడు. తరవాత ఆయన పిలుపు. ఆ తరవాత ఒక ముసలి గొంతు, బావిలోంచి వచ్చినట్టు, నెమ్మదిగా, "ఆఁ... వస్తున్నా."

నా గొంతని ఎంత చెప్పినా నా చెవి ఒప్పుకోలేదు. నాలుగైదుసార్లు విన్నాను. చివరికి ఆ "ఆఁ"లో చిన్న జీర విని పట్టుకున్నాను, జలుబు చేసినప్పుడు నాకు వచ్చే జీర. నేనే. రోజల్లా ఎవరు కేకేసినా అదే మాట అనీ అనీ, నేను లేకపోయినా నా నాలుక దానంతటదే అనేస్తోంది.

అప్పుడు ఇంకో మాట తట్టింది. కొన్ని నెలల కొట్టుకే నా నాలుకకు ఇంత అలవాటైతే, జీవితమంతా ఆ సందులోంచి పిలుపు విన్న మనిషి నాలుకకు ఎంత అలవాటై ఉండాలి? ఒంట్లో సత్తువ పోయినా, తెలివి తప్పినా, పిలుపు చెవిన పడితే పలకదూ? చేపలావిడ అబద్ధమాడలేదు. దయ్యమూ పలకలేదు. మామ్మగారు ఆ రోజు బతికే ఉన్నారు.

ఫోను పట్టుకెళ్ళి మాష్టారికి వినిపించాను. ఆయనకు నేను విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. పడకకుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. ఆ కుర్చీలోంచి చూస్తే ఎదురుగా కనబడేది కొట్టూ, ఆ చెక్కా తప్ప ఇంకేం లేదు.

"ఇది ఊరికి చెప్పకమ్మా" అన్నారు. "దయ్యమనే అనుకోనీ."

"దయ్యమంటే నా కొట్టు మూసుకోవాలండి."

"బతికుందంటే మేమెలా నిద్రపోతాం?"

ఆయన మీద నాకు జాలీ వేసింది, కోపమూ వచ్చింది. కోపమే ఎక్కువ. వీళ్ళ నిద్ర కోసం ఇన్నేళ్ళూ ఒక మనిషి చుట్టుదారిన నడిచింది. కానీ ఊరికి చెప్పడం ఒక ఎత్తు, ఆవిడకు చెప్పడం ఒక ఎత్తు. అబద్ధాలకోరు అన్న మాట పోతుంది సరే, దాని స్థానంలో ఏమొస్తుంది? నువ్వు పిలిచినప్పుడు ఆవిడ బతికే ఉంది, నువ్వు వెళ్ళిపోయావు అని నా నోటితో చెప్పాలి. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

మూడోనాడు పొద్దున గట్టు మీద ఎదురెళ్ళి ఆవిడను ఆపాను. ఆ రోజు పాడైపోయిన చేపల సంగతి ముందు మాట్లాడి, తరవాత ఫోను తీసి వినిపించాను. ఇది నేనే అక్కా, నిద్రలో అంటున్నాను, అన్నాను. మిగతాది నోట్లోంచి రాలేదు.

ఆవిడ తట్ట దించి గట్టు మీద పెట్టుకుంది. కాలువ వైపు చూస్తూ అంది.

"దెయ్యం కాదని నాకు తెలుసండి."

"ఎలా తెలుసు?"

"వత్తన్నా అన్నాక దగ్గిందండి. దెయ్యాలకి దగ్గొత్తదాండి?"

ఇద్దరం తట్ట పక్కన గట్టు మీద కూర్చున్నాం.

"ఎండండి. తట్ట నెత్తి మీదుంది. సేపలు పాడైపోతాయని ఎల్లిపోయాను. వత్తన్నా అంది కదా, లేచే ఉంటది, మళ్ళీ వద్దారిలే అనుకున్నానండి. ఆ దగ్గు ముక్క ఎవరికీ సెప్పలేదండి. నన్ను అబద్ధాలకోరన్నారు సూడండి, అదే బాగుందనిపించేదండి ఒక్కోసారి. అబద్ధమైతే ఆవిడ ముందే పోయినట్టు కదండి."

ఇద్దరం గట్టు మీద ఏడ్చాం. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అని కూడా తోచలేదు. కాసేపటికి ఆవిడే కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "సెప్పెయ్యండి ఊరికి. నా ఎదురుగానే సెప్పండి" అంది.

ఆ సాయంత్రం సెంటరులో సిమెంటు బెంచీ మీద ఫోను పెట్టి అందరికీ వినిపించాను. చెప్పాల్సింది చెప్పాను. దగ్గు సంగతి ఆవిడే చెప్పింది. ముక్కుపుడక ఆవిడ వచ్చి అరుగు మీద కూర్చుంది. తరవాత ఇంకొకరు. మాష్టారు మాత్రం చాలాసేపు వరండాలోనే ఉండిపోయి, దీపాలు పెట్టే వేళకు రోడ్డు దాటి వచ్చి, చేపలావిడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఏమన్నారో నాకు వినబడలేదు. ఆవిడ "ఆయ్... ఆయ్..." అనడమే వినబడింది.

ఊరు మారిపోయిందనీ పండగలా ఉందనీ నేను చెప్పను. టీ కొట్టు వచ్చింది. పార్సిళ్ళు ఇప్పటికీ వస్తున్నాయి, మార్టులు మార్టులే. కానీ మధ్యాహ్నం ఈ సెంటరులో ఇప్పుడు చప్పుడుంటుంది. ఆటోలు ఇంజను ఆపకుండానే వంతెన దాటుతాయి. విరిగిన చెక్క చోట కొత్తది వేయించాను, దానికీ అంకె వెయ్యలేదు.

నేను ఇప్పుడు బస్తాల పక్కనే పడుకుంటాను, మంచం మళ్ళీ అక్కడికే జరిపేశాను. రోజూ ఆ వేళకు చేపలావిడ వచ్చి, పని ఉన్నా లేకపోయినా, సందు దగ్గర నిలబడి గట్టిగా పిలుస్తుంది. నిద్రలో నా నాలుక ఏదో అంటుంది. ఆ మాట ఒక్కటి విని ఇప్పుడు ఈ ఊళ్ళో ఎవరూ వెళ్ళిపోరు.

నిన్న నేను మెలకువగానే ఉన్నాను. ఉక్కగా ఉంది, లేవబుద్ధి కాలేదు. ఆవిడ పిలిచింది. "ఆఁ, వస్తున్నా" అన్నాను.

సందులో వెలుగు ఆరింది. తట్ట అరుగు మీద దించిన చప్పుడైంది. ఆవిడ కూర్చుంది. వెనక ఇంకెవరో వచ్చి కూర్చున్నారు.

"మొగం సూపించండి అమ్మగారూ" అంది ఆవిడ. "అప్పుడు ఎల్తాం."

లేచి వెళ్ళి చూపించాను.